నాన్నగారి పెన్షన్ నా ఖాతాలో పడింది: గ్నూక్యాష్‌లో ఏ స్టేట్‌మెంట్ ఏ ఖాతాదో చెప్పడం ఎలా?

వనజ_పద్దులు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంటి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ గ్నూక్యాష్ వాడటం మొదలుపెట్టి ఏడాది అవుతోంది. చేత్తో పద్దులు రాయడం బాగానే అలవాటైంది. బ్యాంకు స్టేట్‌మెంట్ ఎక్కించడం మాత్రం ఈ మధ్యే మొదలుపెట్టాను, ఆదిలోనే హంసపాదు.

నాకు జీతం పడే సేవింగ్స్ ఖాతా ఒకటి ఉంది. మచిలీపట్నంలో ఉండే మా నాన్నగారి పెన్షన్ ఖాతా ఇంకోటి. రెండూ ఒకే బ్యాంకు. నాన్నగారికి చూపు సరిగా ఆనదు కాబట్టి ఆయన లెక్కలు కూడా నేనే చూస్తాను. మూడు వారాల కిందట ఇద్దరివీ ఏడాది స్టేట్‌మెంట్లు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) దించుకుని ఒకదాని వెనక ఒకటి ఎక్కించేశాను. ఇవాళ కూర్చుని నా ఖాతాను బ్యాంకు నిల్వతో సరిచూస్తే లక్షల్లో తేడా! వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, నెలనెలా 38,400 పెన్షన్ నా ఖాతాలోనే జమ అవుతోంది. ముప్పై నాలుగేళ్లకే పెన్షనర్‌ని అయిపోయాను. నాన్నగారి మందుల షాపు, కేబుల్ బిల్లు, పాలవాడి డబ్బులు అన్నీ నా నెత్తినే ఉన్నాయి. ఆయన ఖాతాలో చూస్తే ఒక్క పద్దూ లేదు.

మొత్తం 213 పద్దులు. ఒక్కొక్కటీ చేత్తో మార్చాలా? పైగా, ఏ ఖాతాలో వేయమంటావని సాఫ్ట్‌వేర్ నన్ను అడిగిన గుర్తే లేదు. ఎందుకు అడగలేదు?

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:41

వనజగారూ, ముందు ఒక మాట. ఇప్పటికిప్పుడు ఏ పద్దునూ కదపకండి. మీ పుస్తకం, అంటే మీ లెక్కలున్న గ్నూక్యాష్ ఫైలు, ఉన్న ఫోల్డరు మొత్తాన్ని ఇంకోచోటికి కాపీ చేసి పెట్టుకోండి, ఫైలు ఒక్కటే కాదు, దాని పక్కన పోగైన అడ్డమైన పేర్ల ఫైళ్లన్నిటితో సహా. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు నా ప్రశ్న. మీ స్టేట్‌మెంట్ ఎక్కించినప్పుడు తేదీ ఏ వరుస (కాలమ్), మొత్తం ఏ వరుస అని అమర్చుకుని, ఆ అమరికను ఏదో పేరుతో సేవ్ చేసుకున్నారా? నాన్నగారి ఫైలుకు కూడా అదే అమరిక ఎంచుకున్నారా?

వనజ_పద్దులు | ఆదివారం, రాత్రి 9:50

అవునండీ! "మా బ్యాంకు" అని పేరు పెట్టి సేవ్ చేశాను. రెండు ఫైళ్లూ ఒకే మాదిరిగా ఉంటాయి కదా, మళ్లీ వరుసలన్నీ అమర్చడం ఎందుకని అదే వాడాను. తప్పా?

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 10:15

తప్పని కాదు, అందరూ చేసేదే. నేనూ చేశాను, నాది హోమ్ లోన్ ఖాతా.

సంగతేమిటంటే, సీఎస్‌వీలో ఉండేవి తేదీ, వివరం, మొత్తం లాంటి వరుసలే. ఇది ఎవరి ఖాతా అని సాఫ్ట్‌వేర్ చదవగలిగే చోట ఎక్కడా ఉండదు. పైన నాలుగు లైన్లలో మీ పేరు, ఖాతా నంబరు ఉండొచ్చు, కానీ ఆ లైన్లను వదిలేయమని మనమే చెప్తాం. అందుకని ఫైలు చూపించే తెరలోనే ఒక పక్కన "అకౌంట్" అని చిన్న గడి పెట్టారు. మొదటిసారి దాన్ని నింపకపోతే ముందుకు పోనివ్వదు, మీరూ నింపే ఉంటారు. ఆ తర్వాత అమరికను సేవ్ చేసినప్పుడు వరుసలు, తేదీ తీరు, వదిలేయాల్సిన లైన్ల లెక్కతో పాటు ఆ గడిలో ఉన్న ఖాతా కూడా అందులోకి వెళ్లిపోతుంది. రెండోసారి అదే అమరిక ఎంచుకోగానే గడి తనంతట తనే నిండుతుంది, అదీ మీ ఖాతాతో. అడగలేదు అన్నారు చూడండి, అడిగింది. మొదటిసారే అడిగింది, మీ జవాబు గుర్తుపెట్టుకుంది. మీరు మర్చిపోయారు, అది మర్చిపోలేదు.

కాబట్టి బ్యాంకుకో అమరిక కాదు, ఖాతాకో అమరిక ఉండాలి. "వనజ సేవింగ్స్", "నాన్న పెన్షన్" అని విడివిడిగా పెట్టుకోండి.

పాడైనదాన్ని బాగుచేయడం గురించి రేపు పొద్దున రాస్తాను. నిద్రొస్తోంది.

హెచ్‌లెడ్జర్_వీరుడు | ఆదివారం, రాత్రి 11:03

ఇందుకే నేను కిటికీలు, గడులు ఉన్న సాఫ్ట్‌వేర్ ముట్టుకోను. ఆదేశాలు టైప్ చేసి నడిపే లెక్కల సాఫ్ట్‌వేర్ హెచ్‌లెడ్జర్‌లో ప్రతి సీఎస్‌వీ పక్కన దాని పేరుతోనే ఒక రూల్స్ ఫైలు ఉంటుంది. అందులో మొదటి ఖాతా ఏదో ఒక లైన్లో రాసేస్తాం. నాన్న ఫైలుకు నాన్న రూల్స్, నా ఫైలుకు నా రూల్స్. దాచిపెట్టేదేం లేదు, అంతా కళ్లకు కనిపించే అక్షరం. ఎంతవరకు ఎక్కించామో కూడా పక్కన దాచిన ఒక చిన్న ఫైల్లో ఆఖరి తేదీ రాసి పెట్టుకుంటుంది. రెండోసారి అదే ఫైలు ఇస్తే పాతవి వదిలేసి కొత్తవే తీసుకుంటుంది.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 6:30

వీరుడుగారూ, మీ హెచ్‌లెడ్జర్ మీద గౌరవం ఉంది. కానీ బ్యాంకు నుంచి దిగే ఫైళ్లన్నిటికీ ఒకే పేరు ఉంటే? రెండోదానికి బ్రౌజర్ పక్కన బ్రాకెట్లో ఒకటి అని తగిలిస్తే? అప్పుడు మీ రూల్స్ ఫైలు దేనికి అంటుకుంటుంది?

హెచ్‌లెడ్జర్_వీరుడు | సోమవారం, ఉదయం 8:20

…సరే, ఒకసారి అలా జరిగింది. మా ఆవిడ ఖాతా నా పేరు మీద రాసుకున్నాను. ఇప్పుడు దించగానే పేరు మార్చే చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టుకున్నాను. ఆ సంగతి బయటికి చెప్పడం ఇదే మొదటిసారి.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 8:45

వనజగారి పనికి వద్దాం.

గ్నూక్యాష్ రిజిస్టర్లో పాతిక పద్దులు ఒకేసారి ఎంచుకుని ఇంకో ఖాతాలోకి తోసేయడం కుదరదు. 213 పద్దులంటే రెండు ఆదివారాలు పోతాయి. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకోటుంది. స్టేట్‌మెంట్ ఎక్కించేటప్పుడు ఏ వివరానికి ఏ ఖర్చు ఖాతా ఇచ్చారో గ్నూక్యాష్ నేర్చుకుంటుంది. వివరంలో ఉన్న మాటల్ని విడదీసి, ఏ మాట ఎన్నిసార్లు ఏ ఖాతాతో కలిసి వచ్చిందో లెక్క పెట్టుకుంటుంది. బేసియన్ పద్ధతి అంటారు. ఆ నేర్చుకున్నదంతా ఏ ఖాతాలోకి ఎక్కించామో ఆ ఖాతాకే అంటిపెట్టుకుని ఉంటుంది. అంటే నాన్నగారి మందుల షాపు, పాలవాడు ఇప్పుడు మీ ఖాతా బుర్రలో ఉన్నారు. పద్దులు చేత్తో మార్చినా ఆ జ్ఞాపకం పోదు. టూల్స్ మెనూలో ఇంపోర్ట్ మ్యాప్ ఎడిటర్ ఉంది, అందులోకి వెళ్లి ఒక్కొక్కటీ తుడవాలి.

అందుకే వెనక్కి వెళ్లడం మేలు. మీరు పుస్తకాన్ని మామూలు ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దాచుకుంటున్నట్టయితే, సేవ్ చేసిన ప్రతిసారీ గ్నూక్యాష్ పాత ప్రతిని పక్కన పెడుతుంది. ఫైలు పేరు తర్వాత ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను అంకెలుగా వరసగా ఉంటాయి. పక్కనే లాగ్ ఫైళ్లు కూడా ఉంటాయి, మీరు రాసిన, మార్చిన పద్దులు వాటిలో నమోదవుతాయి. మనం ఏమీ మార్చకపోతే ఇవి 30 రోజులే ఉంటాయి, ఆ తర్వాత అదే తీసేస్తుంది. మీరు మూడు వారాలకే పట్టుకున్నారు కాబట్టి బతికిపోయారు. ఇంకో పది రోజులు ఆగుంటే ఆ రెండు ఆదివారాలూ తప్పేవి కావు. నిన్న ఫోల్డరంతా కాపీ చేయమన్నది ఇందుకే.

మూడు వారాల కిందట మీరు స్టేట్‌మెంట్లు ఎక్కించిన రోజు తేదీ ఉన్న ప్రతుల్ని తెరిచి చూడండి. పేరులో ఉన్న గంటను నమ్మకండి. అది సేవ్ చేసిన గంట, లోపల ఉన్నది దానికి ముందటి స్థితి. నాన్నగారి పద్దులు ఇంకా రాని ప్రతి ఏదో కంటితో చూసి నిర్ధారించుకోండి. దాన్నే కొత్త పేరుతో సేవ్ చేసుకుని పని మొదలుపెట్టండి.

వనజ_పద్దులు | సోమవారం, మధ్యాహ్నం 1:10

కాపీ చేశానండీ. అంకెల పేర్లతో చాలా ఫైళ్లున్నాయి, వాటిని చెత్త అనుకుని పోయిన నెలే తీసేద్దామనుకున్నాను! కానీ ఒక చిక్కుంది. ఈ మూడు వారాల్లో చేత్తో రాసిన పద్దులు నలభై దాకా ఉన్నాయి. వెనక్కి వెళ్తే అవి పోతాయిగా? రశీదులు పారేశాను.

లెక్కల_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:05

లాగ్ ఫైళ్లు ఉన్నది అందుకే. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ కింద, గ్నూక్యాష్ లాగ్‌ను మళ్లీ ఆడించే అంశం ఒకటి ఉంటుంది. పాత ప్రతి తెరిచి, ఆ రోజు తర్వాతి లాగ్‌లను మాత్రమే, తేదీ వరసలో ఒక్కొక్కటిగా ఆడించండి. స్టేట్‌మెంట్లు ఎక్కించిన ఆ రోజు లాగ్‌ను మాత్రం ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆ 213 మళ్లీ తిరిగొస్తాయి.

రెండు జాగ్రత్తలు. లాగ్‌లో పద్దులే ఉంటాయి, కొత్తగా తెరిచిన ఖాతాలు ఉండవు. ఈ మూడు వారాల్లో కొత్త ఖర్చు ఖాతా ఏదైనా తెరిచి ఉంటే లాగ్ ఆడించడం మొదలుపెట్టకముందే నాకు చెప్పండి. రెండోది, లాగ్‌లు ముందు, స్టేట్‌మెంట్లు తర్వాత. ఎందుకంటే ఎక్కించిన పద్దుల్లో కొన్నిటిని మీరు తర్వాత సవరించి ఉంటే అవి లాగ్‌లో ఉంటాయి. ముందు అవి వచ్చి కూర్చుంటే, స్టేట్‌మెంట్ ఎక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని చూసి జత కలుపుతుంది. తిరగేసి చేస్తే ఒక్కోటి రెండుసార్లు పడుతుంది.

వనజ_పద్దులు | సోమవారం, మధ్యాహ్నం 2:20

కొత్త ఖాతాలేమీ తెరవలేదండీ. సాయంత్రం కూర్చుంటాను.

డాలస్_అత్తయ్య | సోమవారం, సాయంత్రం 6:48

అమెరికాలో ఉండేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ మా బ్యాంకులు క్యూఎఫ్‌ఎక్స్ ఫైలు ఇస్తాయి. ఓఎఫ్‌ఎక్స్‌కి అది తోబుట్టువు. 1997లో మైక్రోసాఫ్ట్, ఇన్‌ట్యూట్, చెక్‌ఫ్రీ కలిసి తెచ్చిన పద్ధతి ఓఎఫ్‌ఎక్స్. అందులో బ్యాంకు నంబరు, ఖాతా నంబరు, ఖాతా రకం ఫైలు లోపలే ఉంటాయి. పైగా ప్రతి పద్దుకూ బ్యాంకు ఇచ్చే ప్రత్యేకమైన గుర్తింపు కూడా ఉంటుంది. అందుకే అదే ఫైలు పొరపాటున రెండుసార్లు ఎక్కించినా డబుల్ అవ్వదు.

గ్నూక్యాష్ ఆ ఖాతా నంబరును మొదటిసారి చూసినప్పుడు, ఇది నీ పుస్తకంలో ఏ ఖాతా అని చెట్టంతా చూపించి అడుగుతుంది. ఒకసారి చెప్తే ఆ తర్వాత అడగదు. బాగుంది కదా? బాగుంది, సరిగ్గా చెప్తే.

మా ఫైల్లో చెకింగ్, సేవింగ్స్ రెండూ కలిసి వస్తాయి. ఒకదాని వెనక ఒకటి రెండుసార్లు అడిగింది. రెండు తెరలూ అచ్చం ఒకేలా ఉన్నాయి, నంబరు మాత్రమే తేడా. నేను కాఫీ తాగుతూ ఓకే ఓకే నొక్కేశాను. తారుమారు. ఆ తర్వాత ఆరు నెలలు ప్రతి ఫైలూ నమ్మకంగా, శ్రద్ధగా, తప్పు ఖాతాలోకే వెళ్లింది.

పద్దులు తుడిచేసి మళ్లీ ఎక్కించాను. మళ్లీ అక్కడికే! అప్పుడు తెలిసింది, తుడవాల్సింది పద్దుల్ని కాదు, ఆ జవాబుని. మాస్టారు చెప్పిన మ్యాప్ ఎడిటర్లోనే పైన ఆన్‌లైన్ అని ఒకటుంది. అది ఎంచుకుంటే ఏ బ్యాంకు నంబరు ఏ ఖాతాకు ముడిపడి ఉందో కనిపిస్తుంది. ఆ ముడి తీసేశాక మళ్లీ అడిగింది. ఈసారి కాఫీ పక్కన పెట్టి, చెక్కు పుస్తకంలో నంబరు చూసి చెప్పాను.

క్రెడిట్ కార్డు పోయి కొత్తది వచ్చినప్పుడు కూడా ఇంతే. నంబరు మారుతుంది కాబట్టి కొత్త ఖాతా అనుకుని అడుగుతుంది. అక్కడ కొత్త ఖాతా తెరవకండి, పాత కార్డు ఖాతానే చూపించండి. అప్పు పాతదే కదా.

వనజ_పద్దులు | సోమవారం, సాయంత్రం 7:02

అత్తయ్యగారూ, మా బ్యాంకు ఓఎఫ్‌ఎక్స్ ఇవ్వదండీ. పీడీఎఫ్, ఎక్సెల్, సీఎస్‌వీ మాత్రమే.

విశ్రాంత_మేనేజరు | సోమవారం, రాత్రి 8:30

ముప్పై ఆరేళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. సాఫ్ట్‌వేర్ గురించి నాకు తెలిసింది తక్కువ. ఖాతా నంబర్ల గురించి రెండు ముక్కలు చెప్తాను.

మన దేశంలో ఖాతా నంబరు ఇన్ని అంకెలే ఉండాలన్న ఒకే కొలత లేదు. స్టేట్ బ్యాంకులో 11, ఇంకోచోట 12, 14, 15 ఉంటాయి. కొన్ని సున్నాలతో మొదలవుతాయి. ఆ ఫైలును ఒకసారి ఎక్సెల్లో తెరిచి సేవ్ చేశారా, ముందున్న సున్నాలు మాయం. ఇంకా పొడుగు నంబరైతే మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ 13 అని తయారవుతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే నిక్కచ్చిగా ఉంచుతుంది, ఆ పైవి సున్నాలైపోతాయి. ఖాతా నంబరుతో జత కలుపుదామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. ఈ నెల ఫైల్లో సున్నాతో, వచ్చే నెల ఫైల్లో సున్నా లేకుండా ఉంటే కంప్యూటరుకు అవి ఇద్దరు మనుషులు.

ఐఎఫ్‌ఎస్‌సీతోనో బ్యాంకు పేరుతోనో జత కలపకండి. మచిలీపట్నం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఆ ఊళ్లోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. ఖాతాదారుల ఖాతా నంబర్లు అలాగే ఉన్నాయి, ఐఎఫ్‌ఎస్‌సీలో మొదటి నాలుగు అక్షరాలు మారాయి. అంతకు మూడేళ్ల ముందు, 2017లో, అదే ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. బోర్డులు మారుతుంటాయి. మీ పుస్తకంలో ఖాతాకు బ్యాంకు పేరు కాకుండా "నాన్న పెన్షన్" అని పెట్టుకోవడమే నయం.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 8:52

మేనేజరుగారు మంచి మాట చెప్పారు. ఒకటి కలుపుతాను. గ్నూక్యాష్‌లో ఖాతా పేరు ఎప్పుడు మార్చుకున్నా పరవాలేదు. అది లోపల వేరే గుర్తుతో పట్టుకుంటుంది, ముడి తెగదు.

సున్నాల బెడదకు నా పద్ధతి వేరు. బ్యాంకు నంబరు జోలికే పోను. దించిన సీఎస్‌వీలో చివర ఒక వరుస చేర్చి, ప్రతి లైనుకూ "నాన్న పెన్షన్" అనో "జీతం" అనో రాస్తాను. ఎక్కించేటప్పుడు ఆ వరుసను అకౌంట్ అని గుర్తిస్తే, ముందుకెళ్లేటప్పుడు ఒక పట్టిక వస్తుంది. ఎడమ పక్క ఫైల్లో ఉన్న మాట, కుడి పక్క పుస్తకంలో ఖాతా. ఒక్కసారి జత చూపిస్తే గుర్తుంచుకుంటుంది. అప్పుడు ఏ అమరిక ఎంచుకున్నా బాధ లేదు. ఎవరి లైను ఎవరిదో లైనులోనే రాసి ఉంది కదా. ఇద్దరివీ ఒకే ఫైల్లో కలిపేసి కూడా ఎక్కించుకోవచ్చు.

కొత్తగా_వచ్చా | సోమవారం, రాత్రి 9:30

ఇంత టెన్షన్ ఎందుకండీ? ఎస్సెమ్మెస్సులు చదివి లెక్క రాసే యాప్‌లు ఉన్నాయిగా. అదీ వద్దంటే మన ఖాతా వివరాల్ని బ్యాంకు నుంచి ఇంకో సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ ఉంది.

హెచ్‌లెడ్జర్_వీరుడు | సోమవారం, రాత్రి 9:44

ఎస్సెమ్మెస్సులో ఖాతా చివరి మూడు నాలుగు అంకెలే ఉంటాయి. నాన్నగారి ఎస్సెమ్మెస్సు నాన్నగారి ఫోనుకు వస్తుంది. ఆయన ఫోను మచిలీపట్నంలో ఉంటుంది. ఇక మీ యాప్ చదివేదేంటి?

విశ్రాంత_మేనేజరు | సోమవారం, రాత్రి 10:01

అగ్రిగేటర్ మంచి ఏర్పాటే. రిజర్వ్ బ్యాంకు 2016లో నియమాలు పెట్టింది, 2021 సెప్టెంబరులో బ్యాంకులతో నడక మొదలైంది. ఖాతాదారు ఒప్పుకుంటేనే, ఒప్పుకున్నంత కాలానికే వివరాలు వెళ్తాయి. మధ్యలో ఉన్న అగ్రిగేటరు వాటిని చూడలేదు. కానీ ఆ వివరాలు అందుకునేది నియంత్రణలో ఉన్న సంస్థ అయి ఉండాలి. మన ఇంట్లో కంప్యూటర్లో ఉన్న గ్నూక్యాష్‌కు నేరుగా రావు.

సీఏ_ఇంటర్_సుమ | సోమవారం, రాత్రి 10:40

వనజక్కా, మళ్లీ ఎక్కించే ముందు ఒకటి చూసుకోండి. మీరు నాన్నగారికి నెలనెలా డబ్బు పంపుతారా?

వనజ_పద్దులు | సోమవారం, రాత్రి 10:46

పంపుతాను సుమా. నెలకు పది వేలు, యూపీఐలో.

సీఏ_ఇంటర్_సుమ | సోమవారం, రాత్రి 11:15

అదే అనుకున్నాను. మూడు వారాలు పట్టుబడకపోవడానికి అదీ ఒక కారణం. మీ ఫైల్లో పది వేలు పోయినట్టు, నాన్నగారి ఫైల్లో పది వేలు వచ్చినట్టు ఉంటుంది. రెండూ మీ ఖాతాలోనే పడ్డాయి కాబట్టి ఒకదానికొకటి చెల్లిపోయి చూపుకు ఆనలేదు.

ఇప్పుడు సరిగ్గా ఎక్కించినా ఇక్కడే ఇంకో గోతిలో పడొచ్చు. ఒకే బదిలీ రెండు ఫైళ్లలో ఉంది. చిట్టాలో అది ఒకే పద్దు, రెండు కొసలు. ముందు మీ ఫైలు ఎక్కించండి. ఫైల్లో లైన్లను పుస్తకంలో పద్దులతో జత చూపే మ్యాచింగ్ పట్టిక వచ్చినప్పుడు ఆ పన్నెండు బదిలీలకు ఎదురు ఖాతాగా "నాన్న పెన్షన్" ఇవ్వండి. ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే, ఎదురు ఖాతా లేని పద్దులు చేరే ఇంబ్యాలెన్స్ ఖాతాలోకి వెళ్తాయి. ఎదురు ఖాతా సరిగ్గా ఇస్తే నాన్నగారి ఖాతాలో పన్నెండు జమలు అప్పుడే వచ్చి కూర్చుంటాయి. తర్వాత ఆయన ఫైలు ఎక్కిస్తే ఆ పన్నెండింటికి పట్టికలో "ఏ" గడి బదులు "సి" గడిలో టిక్ ఉండాలి. "ఏ" అంటే కొత్తగా చేర్చు, "సి" అంటే ఇది ముందే ఉంది, బ్యాంకుతో కలిసింది అని గుర్తు పెట్టు. "ఏ"లో ఉంటే ఆగి చూడండి, లేకపోతే నాన్నగారికి ఏడాదిలో లక్షా ఇరవై వేలు ఎక్కువ పంపినట్టవుతుంది.

అది జత ఎలా కలుపుతుందంటే మార్కులు వేస్తుంది. మొత్తం సరిగ్గా కలిస్తే మూడు, తేదీ సరిగ్గా కలిస్తే మూడు. నాలుగు రోజుల్లోపు తేడా ఉంటే రెండు. పద్నాలుగు రోజులు దాటితే మార్కులు కోస్తుంది. ఆరు మార్కులొస్తే తనే "సి" పెట్టేస్తుంది. యూపీఐ కాబట్టి మీకు తేదీ తేడా రాదు. క్రెడిట్ కార్డు బిల్లు, చెక్కు అయితే రోజులు అటూఇటూ అవుతాయి, కళ్లు తెరుచుకుని చూడాలి.

ఈ మార్కులకు ఒక వెర్రి కూడా ఉంది. ఒకే రోజు రెండు చోట్ల ఇరవై రూపాయల టీ తాగారనుకోండి. ఒకటి ముందే చేత్తో రాశారు. రెండు లైన్లకూ మొత్తం, తేదీ కలుస్తాయి, రెండూ ఆ ఒక్క పద్దుతోనే జతపడాలని చూడొచ్చు. యూపీఐ వివరంలో 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది కదా, దాన్ని విడిగా "నంబర్" వరుసకు ఇస్తే ఈ గొడవ తగ్గుతుంది. నంబరు కలిస్తే ఎక్కువ మార్కులు, తేడాగా ఉంటే కోత.

విశ్రాంత_మేనేజరు | మంగళవారం, ఉదయం 7:20

అమ్మాయి చక్కగా చెప్పింది. శనాదివారాలు అడ్డొచ్చి నెఫ్ట్ సోమవారానికి పడటం ఇప్పుడు లేదు, 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీపగలూ నడుస్తోంది. అంతకు ముందటి పాత స్టేట్‌మెంట్లు ఎక్కించేవాళ్లు మాత్రం రెండు మూడు రోజుల తేడాలు లెక్కలో పెట్టుకోవాలి.

నా సందేహం ఒకటే. నాన్నగారి డబ్బు మీ పుస్తకంలో ఎందుకమ్మా? అది ఆయన ఆస్తి, ఆయన రిటర్ను వేరు. విడిగా ఒక పుస్తకం తెరిస్తే ఈ తంటా ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:45

నేను ఒప్పుకోను. వేరు పుస్తకమైతే బదిలీ రెండు చోట్లా రాయాలి, రెండు పుస్తకాలు కలుస్తున్నాయో లేదో చూసేవాళ్లుండరు. ఒకే పుస్తకంలో "నాన్నగారివి" అని విడిగా ఒక తల్లి ఖాతా పెట్టి దాని కింద వేస్తే సరిపోతుంది.

విశ్రాంత_మేనేజరు | మంగళవారం, ఉదయం 7:58

ఇంట్లో అన్నదమ్ములు ఉంటే ఆ మాట అనరు మాస్టారూ. రేపు ఎవరైనా లెక్క చూపించమంటే అమ్మాయి తన జీతం కూడా చూపించాలి.

వనజ_పద్దులు | మంగళవారం, ఉదయం 9:15

తమ్ముడున్నాడు. వాడు అడగడు గానీ, మేనేజరుగారు చెప్పింది ఆలోచించాల్సిందే. ఏప్రిల్ నుంచి విడిగా తెరుస్తాను. ఈ ఏడాదికి మాత్రం ఇలాగే కానిస్తాను.

నిన్న రాత్రి కూర్చున్నాను. పాత ప్రతి దొరికింది. లాగ్‌లు వరసగా ఆడించాను, నలభై రెండు పద్దులు వచ్చేశాయి. నా ఫైలు ఎక్కించి బదిలీలన్నిటికీ నాన్నగారి ఖాతా ఇచ్చాను. నా నిల్వ బ్యాంకుతో పైసల్తో సహా కలిసింది! తర్వాత నాన్నగారి ఫైలు. "మా బ్యాంకు" అమరికనే తెరిచి, అకౌంట్ గడి మార్చి, "నాన్న పెన్షన్" అని కొత్త పేరుతో సేవ్ చేశాను. పన్నెండు బదిలీలూ "సి"లోకి వచ్చాయి, సుమ చెప్పినట్టే.

కానీ నాన్నగారి నిల్వ కలవలేదు. 236 రూపాయలు తేడా. నా పుస్తకంలో ఎక్కువ ఉంది. రాత్రి ఒంటిగంట దాకా వెతికాను.

విశ్రాంత_మేనేజరు | మంగళవారం, ఉదయం 9:32

236 అంటే 200 మీద 18 శాతం జీఎస్టీ. డెబిట్ కార్డు ఏడాది రుసుములా ఉంది. స్టేట్‌మెంట్లో చూడండి, ఏడాది చివర్న ఉంటుందేమో.

వనజ_పద్దులు | మంగళవారం, ఉదయం 9:50

ఉందండీ! స్టేట్‌మెంట్లో ఆఖరి లైను అదే, మార్చి 31. కానీ పుస్తకంలో లేదు. ఇప్పుడు లెక్కపెడితే ఫైల్లో 214 లైన్లున్నాయి. నేను మొదట్నుంచీ 213 అంటున్నాను!

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 10:04

మీ ఫైల్లో ఆఖరి పద్దు కింద ఎన్ని లైన్లున్నాయి? అదే, "ఇది కంప్యూటర్ తయారుచేసిన పత్రం, సంతకం అక్కర్లేదు" లాంటివి. నాన్నగారి ఫైల్లో ఎన్ని?

వనజ_పద్దులు | మంగళవారం, ఉదయం 10:11

నా దాంట్లో మూడు. నాన్నగారి దాంట్లో రెండు.

అయ్యో. అమరికలో చివరి మూడు లైన్లు వదిలేయమని ఉంది.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 10:13

రెండు చేసి సేవ్ చేయండి. ఫైలు మళ్లీ ఎక్కించండి, 213 "సి"లో, ఒక్కటి "ఏ"లో రావాలి.

వనజ_పద్దులు | మంగళవారం, ఉదయం 10:26

వచ్చింది. ఒక్కటే. 236.